గుదాం సారు లోపలి గది

తెలివితక్కువతనానికి రైల్వేలో విడిగా ఒక ఉద్యోగం ఉండి ఉంటే నన్ను అందులోనే పర్మినెంటు చేసేవారు. లేదు కనుక స్టోర్స్ గుమాస్తాను చేశారు. పెద్దమనిషి దేవుడి మీద ఒట్టు పెట్టుకుంటే ఇక వేరే పూచీ అక్కరలేదని నమ్మిన రోజులవి. ఆ నమ్మకంతో లైను పొడుగునా తిరిగి, నన్ను నమ్మినవాళ్లు దాచుకున్న ఇనుమంతా ఊడ్చి తెచ్చి ఆయన ముందు కుప్ప పోశాను. గది ఆయనది, తాళం ఆయనది. మోత మాత్రం నాది. తాళం బాగా పడిందో లేదో లాగి చూసి మరీ ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను.

మొన్న యాదగిరిగుట్ట బస్సులో, రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచే మా పాత కీమాన్ ఒకడు కలిశాడు. కూర్చోడానికి జాగా ఇస్తూ, "మన గుదాం సారు పోయిండు గద, ఎరుకేనా?" అన్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. దుఃఖం బస్సు దిగాక వచ్చింది. అది వచ్చినందుకు మళ్లీ కోపం వచ్చింది.

ఆయనకు పేరు లేక కాదు. జీతాల రోజున తప్ప దాన్ని ఎవరూ వాడేవారు కారు. పాలమూరు జిల్లాలో మీటర్‌గేజి లైను మీద మాదొక చిన్న స్టేషన్. ప్లాట్‌ఫారం చివర రేకుల షెడ్డు. దాన్ని గుదాం అనేవారు, దాని యజమానిని గుదాం సారు అనేవారు. రెండు వైపులా లైను చూసుకునే గ్యాంగులకు ఇనుమంతా అక్కడినుంచే పోవాలి. పట్టాలను దుంగలకు పట్టి ఉంచే మేకులు, బోల్టులు, ఒక పట్టా కొసను ఇంకో పట్టా కొసతో కలిపి బిగించే ఇనుప బద్దలు. ఈ బద్దలను ఫిష్ ప్లేట్లంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట మా అవ్వకు చెప్పి ఇరుక్కున్నాను. కట్టంగూరు దగ్గర మగ్గాల ఇల్లు మాది. "రైలోళ్లు పళ్లెంల పెట్టి చేపలిస్తరారా? ఒక్కనాడన్న ఇంటికి తేవైతివి" అని ఆమె చివరిదాకా సణిగింది. కాలేజీ పట్టా లేనివాడికి రైలు పట్టాలు దక్కడమే గొప్పని మా బాపు మాత్రం సంతోషించాడు.

గుదాం సారు రోహిణి ఎండల్లో కూడా నల్లకోటు విడిచేవాడు కాదు. కోటు జేబులో నూనెగుడ్డ. మాట్లాడుతున్నంతసేపూ చేతికందిన బోల్టును తుడుస్తూ ఉండేవాడు. బోల్టు అందకపోతే ఎదుటివాడి చొక్కా గుండీ తుడిచేవాడు. ఆ స్టేషన్‌లో ఎవరు ఆయనకు దగ్గరో తెలుసుకోవాలంటే గుండీల దగ్గర నూనె మరక చూస్తే చాలు. నా చొక్కాలన్నీ ఖరాబై ఉండేవి.

విరిగింది తెచ్చి చూపిస్తేనే కొత్తది ఇవ్వాలని రూలు. ఎక్కడైనా ఉండే రూలే. ఆయన దాన్ని పూజ చేశాడు. ఎండలో మైళ్లు నడిచొచ్చిన గ్యాంగుమన్ విరిగిన బోల్టు బల్ల మీద పెట్టేవాడు. ఈయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లద్దాలు ఎత్తి చూసేవాడు.

"ఎట్ల ఇరిగింది?"

"రైలు పోతే ఇరిగింది సార్."

"రైలు ఎందుకు పోనిచ్చినవు?"

ఆ మనిషి బిత్తరపోయి నా దిక్కు చూసేవాడు. నేను నవ్వు ఆపుకోడానికి సుతిలి తాడు చుట్ట చుడుతూ కూర్చునేవాణ్ణి. చివరికి కొత్త బోల్టు బయటికొచ్చేది. బడికి మొదటిరోజు పిల్లవాణ్ణి పంపుతున్నట్టు దాన్ని మరోసారి తుడిచి, "జర పైలం" అని చెప్పి ఇచ్చేవాడు. ఆ జాగ్రత్త చెప్పింది మనిషికి కాదు, బోల్టుకు.

సరుకును తప్ప మనిషిని సరకుచేయడని లైను మీద అందరూ అనేవారు. నన్ను మాత్రం సరకుచేశాడు. అదే నా ఖర్మ. నాకు చలిజ్వరం వచ్చి క్వార్టర్లో మూలుగుతుంటే కోటు విడిచి పక్కన పెట్టి, తడిగుడ్డ నుదుట వేసి, జావ కాచి తాగించాడు. నేను స్పృహలో ఉన్నానో లేదో చూసుకోకుండా, తడిగుడ్డ పిండుతూ గుదాం సంగతులే చెప్పాడు. మధ్యాహ్నం తన జొన్నరొట్టె తుంచి సగం నా ముందు పెట్టి, "బుక్కెడు తిను కొడకా. ఎండిన మేకు లెక్క ఉన్నవు" అనేవాడు. ఇంటికి దూరంగా ఉన్నవాడికి ఆ 'కొడకా' అన్న ఒక్క పిలుపు చాలు. నా తెలివి మీద మూత పెట్టడానికి అదే సరిపోయింది.

గుదాం ఇంత గట్టిదైతే గ్యాంగులు ఊరుకుంటాయా? పట్టా జాయింటు పగిలితే, గుదాం దాకా నడిచి, పూజ ముగించుకుని తిరిగి వచ్చేసరికి పూట గడిచిపోతుంది. అంతవరకు ఎర్రజెండా కట్టి రైలు నిలబెట్టాలి. రైలు నిలబడితే మేస్త్రీ మెడ మీదికి వస్తుంది. అందుకని ప్రతి మేస్త్రీ పాత పనుల్లో మిగిలినవీ, పక్క సెక్షన్లో మారకం చేసుకున్నవీ ఎవరికీ చెప్పకుండా దాచుకునేవాడు. గడ్డివాము కింద ఫిష్ ప్లేట్లు. జొన్నల కాగులో బోల్టులు. ఒక మేస్త్రీ అయితే మేకుల మూటను పోచమ్మ గద్దె వెనక పెట్టి, కావలి ఖర్చు తప్పించుకున్నాడు. ఇది ఏ రికార్డులోనూ లేని ఇనుము. లైను మాత్రం దాని మీదే నడిచేది.

నాకు ఇది చూసి ఒక ఆలోచన పుట్టింది. ఒక గ్యాంగు దగ్గర గుట్టలు, ఇంకో గ్యాంగు దగ్గర గుప్పెడు. ఎవరి దగ్గర ఏముందో ఎవరికీ తెలియదు. ప్రతి గ్యాంగుకూ ఒక చెక్కపెట్టె ఇద్దాం, అందులో కావలసినవన్నీ కొద్దికొద్దిగా పెడదాం, తాళం మేస్త్రీ దగ్గరే ఉంటుంది, పక్షానికోసారి ట్రాలీ మీద పోయి వాడినవాటిని నింపి వద్దాం, అని గుదాం సారుకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నా గుండీ తుడిచాడు.

"నీ తలకాయల ఇంజనున్నదిరా కొడకా" అన్నాడు. "గాని పెట్టెలు నింపుటానికి గుదాంల సరుకేది? మేస్త్రీలు దాసుకున్నది బయటికొస్తెనే అయితది. నేనడిగితే ఇయ్యరు. నువ్వడుగు."

"తిరిగి ఇస్తమా సార్? దాసుకున్నందుకు కేసు పెట్టరు గద?"

"గుట్ట నర్సింహస్వామి సాచ్చి" అని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ప్లాట్‌ఫారం మీది చాయ్ డబ్బా వైపు ఉంది. మా స్టేషన్‌కు గుట్ట సరిగ్గా దాని ఎదుటి దిక్కు. దేవుడి దిక్కు తప్పినా ఒట్టు చెల్లుతుందని నేనే సమాధానం చెప్పుకున్నాను.

తోపుడు ట్రాలీ మీద బయలుదేరాను. అందరికన్నా చివరి గ్యాంగు సాయన్న మేస్త్రీది. ఆయన భార్య ఎల్లవ్వ పుట్టిల్లు మా ఊరి పక్క ఊరే. ఆ ఒక్క ముక్కతో ఆమె నాకు అక్క, ఆయన నాకు బావ అయ్యారు. వారంలో సగం రోజులు నా అన్నం ఆ గుడిసెలోనే.

"ఏం బామ్మర్దీ, ట్రాలీ మీద ఊరేగుతున్నవు? పెండ్లి గిట్ల కుదిరిందా?" అన్నాడు సాయన్న.

"పెండ్లి గాదు బావా. నీ ఇనుము సంగతి."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఏ ఇనుము?"

"అక్క మిరపకాయలు దంచే బోల్టు సంగతి గాదు. దాని ఎనకున్న బలగం సంగతి."

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పెట్టెల సంగతంతా చెప్పాను. సాయన్న బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకుని పట్టాల దిక్కు చూశాడు.

"గుదాం సారడిగితే మట్టిబెడ్డ గూడ ఇయ్య. నువ్వడుగుతున్నవు. నువ్వు మా ఇంటి పిలగానివి. గాని ఒక్కటి చెప్పు. రేపు వానకాలంల జాయింటు పలిగితే నా చేతుల ఏముంటది?"

"పెట్టె ఉంటది బావా. సారు ఒట్టేసిండు."

"ఒట్టుతోని పట్టా బిగుస్తదా?"

ఎల్లవ్వే అడ్డం వచ్చింది. "ఇయ్యరాదుండ్రి. పిలగాడు ఎండల వడి వచ్చిండు. వాడు మనకు చెడ్డ కోరుతడా?"

గడ్డివాము జరిపారు. ఆముదం పూసి గోనెపట్టాలో చుట్టిన ఫిష్ ప్లేట్లు బయటికి తీసి, నా ట్రాలీలో పెడుతూ సాయన్న ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తట్టాడు. ఆయన ఇచ్చాడని తెలిసి మిగిలిన మేస్త్రీలూ ఇచ్చారు. కొందరు ఎడ్లబండ్ల మీద తెచ్చారు. ఆ రోజు గుదాం సారు జీవితంలో మొదటిసారి గ్యాంగువాళ్లకు చాయ్ పోయించాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఇనుమంతా గుదాం లోపలి గదిలోకి పోయింది. పాత దుంగల చెక్కతో వడ్లాయన పెట్టెలు చేసి ఎర్రరంగు వేసి ఇచ్చాడు. అవి గుదాంలోనే ఒకదాని పక్కన ఒకటి చేరి మంచమయ్యాయి. మధ్యాహ్నం సారు వాటి మీద కునుకు తీసేవాడు. ఎప్పుడు పంపుదాం అని అడిగితే "జర సబర్ జెయ్" అనేవాడు. ఒకరోజు లోపలి గది తలుపు ఓరగా ఉంటే తొంగి చూశాను. సాయన్న ఇచ్చిన ఫిష్ ప్లేటును ఒళ్లో పెట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ తుడుస్తున్నాడు. గది నిండా ఇనుము మెరుస్తోంది. అంత ఆనందం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"చూసినవా కొడకా? ఆముదం పూస్తరా ఎవడన్న? దుమ్మంత పట్టింది" అన్నాడు. "వీటిని తీస్కపొయ్యి మళ్ల ఆ బురదల పారేసుకోమంటవా?"

ఆ మాట మురిపెం అనుకున్నాను. తీర్పు అని తెలియలేదు.

అంతలో ఇంజనీరు దొర ఇన్‌స్పెక్షన్‌కు వచ్చాడు. గుదాం ముందు సున్నం గీతలు గీశాం. దొర బోల్టుల అమరిక చూసి మెచ్చుకుంటుంటే గుదాం సారు చేతులు కట్టుకుని, "లైను మీద గూడ బందోబస్తు చేసిన సార్. ప్రతి గ్యాంగుకు ఒక పెట్టె పంపిన. ఇగ రైలు నిలబడే ముచ్చటే లేదు" అన్నాడు. నిద్రకు వాడే పెట్టెల మీద ఆ రోజు టార్పాలిన్ కప్పి ఉంది. దొర ఆయన చేయి పట్టుకుని ఊపాడు. వెనక దొరగారి టోపీ పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. సారు నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. రేపే పంపుతాడన్నమాట, అనుకున్నాను. కన్నుకొట్టడానికి ఇంత మంచి అర్థం తీసినవాడు రైల్వే చరిత్రలో ఇంకొకడు ఉండడు.

వాన పడింది. నల్లరేగడిలో కట్ట కుంగి సాయన్న సెక్షన్లో జాయింటు దగ్గర ఫిష్ ప్లేటు పగిలింది. పొద్దున్నే కీమాన్ చూశాడు కనుక ప్రాణాలు దక్కాయి. సాయన్న ఎర్రజెండా కట్టి, బురదలో పరుగెత్తుకుంటూ గుదాంకు వచ్చాడు. ఆ రోజు గుదాం సారు ప్రశ్నలేవీ అడగలేదు. లోపలి గదిలోనుంచి తుడిచిన బద్ద తెచ్చి ఇచ్చాడు. కానీ అప్పటికే పాసింజరు బండి గంటలకొద్దీ నిలబడిపోయింది. పైనుంచి తంతి వచ్చింది. దాని వెనకే దొర వచ్చాడు.

స్టేషన్ మాస్టరు గదిలో విచారణ. దొర మొదటి మాటే, "నీకిచ్చిన పెట్టె ఏది?"

సాయన్న నా వైపు చూశాడు. "ఏ పెట్టె సార్?"

"ఫిష్ ప్లేట్లు పెట్టి ఇచ్చిన పెట్టె. సామాన్లు అమ్ముకున్నావా?"

నేను ముందుకు వచ్చాను. "పెట్టెలు పోలేదు సార్. సరుకంత లోపలి గదిలనే ఉన్నది."

గుదాం సారుకు కోపం రాలేదు. మొలతాడు నుంచి తాళాల గుత్తి విప్పి మెల్లగా దొర ముందు పెట్టాడు. "పిలగాడు అన్నంక చూడాలె సార్. చూసి రాండ్రి." తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, నా గుండీ తుడుస్తూ, "సాయన్న పెండ్లాం వీనికి అక్క అయితది. రోజు ఆ ఇంట్లనే తింటడు. తిన్న బువ్వ ఊకుంటదా సార్? మాట్లాడిస్తది" అన్నాడు.

దొర తాళాల వైపు చూశాడు. ఆ నెరిసిన తల వైపు చూశాడు. అంత పెద్దమనిషిని అనుమానించడానికి సిగ్గుపడ్డాడు. గుత్తిని వేలితో వెనక్కి తోశాడు. గుదాం లోపలి గది గడప అక్కడికి నిండా యాభై అడుగుల దూరం లేదు.

సాయన్న మేస్త్రీగిరీ పోయింది. తాను పని నేర్పిన మనిషి కింద గడ్డపార పట్టుకుని గ్యాంగుమన్‌గా నిలబడ్డాడు. నేను పోయి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"నువ్వు మోసం చెయ్యలేదని నాకెరుకే. గాని మోసం నీ కాళ్ల మీదనే నడిచొచ్చింది మా ఇంటికి" అన్నాడు. బామ్మర్దీ అనలేదు.

ఎల్లవ్వ ఎప్పటిలాగే కంచం పెట్టింది. కానీ ఎప్పుడూ ఎదురుగా కూర్చుని మా ఊరి ముచ్చట్లు అడిగే మనిషి, ఆ రోజు గోడ వైపు తిరిగి చాటలో జొన్నలు చెరుగుతూ ఉండిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు ముద్ద దిగలేదు. పోవడం మానేశాను.

విచారణ అయిన మధ్యాహ్నమే గుదాం సారు రొట్టె తుంచి నా ముందు పెట్టాడు. "రా కొడకా, బుక్కెడు తిను."

"ఎందుకు జేసిండ్రు సార్?"

"ఏం జేసిన?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒక్క బోల్టన్న పోయిందా? అన్ని భద్రంగనే ఉన్నయి గద."

"సాయన్న పోయిండు."

"మనుషులకేందిరా, సర్కారు ఇంకొకన్ని పంపుతది" అని రొట్టె నమలడం మొదలుపెట్టాడు.

ఆయన దొర మెప్పు కోసం చేశాడో, ఇనుమును వదులుకోలేక చేశాడో నాకు ఈనాటికీ తెలియదు. లంచం ఎరగడు. ఒక మేకు ఇంటికి తీసుకుపోయి ఎరగడు. డబ్బుకు అమ్ముకున్నవాణ్ణి తిట్టుకుని మర్చిపోవచ్చు. నన్ను కొడకా అన్న నోటితోనే అమ్మి, నాకు ఏ ధరా కట్టని మనిషిని ఏం చెయ్యాలి?

ఆ చలికాలం మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి గుదాం సారు కుటుంబంతో గుట్టకు పోయాడు. పోతూ తాళాల గుత్తి నా చేతిలో పెట్టాడు. లోపలి గదికి ఎలుకలు పట్టకుండా చూడమన్నాడు. నేను విరిగానని ఆయనకు తెలియదు. విరిగింది తెచ్చి బల్ల మీద పెడితే తప్ప నమ్మే అలవాటు లేదు గదా.

బండి స్టేషన్ దాటగానే లోపలి గది తలుపులు బార్లా తీశాను. ఎర్రపెట్టెలు నింపాను. తోపుడు ట్రాలీ మీద కీమాన్‌ను తోడు తీసుకుని, ఆయన వచ్చేలోపు లైనంతా తిరిగి ఒక్కో గ్యాంగుకు ఒక్కో పెట్టె దించాను. మేస్త్రీలు ఎవరూ సంతోషపడలేదు. ఇదెక్కడి కొత్త గాలమో అన్నట్టు చూశారు. చివరి గ్యాంగులో కొత్త మేస్త్రీ, పెట్టె మీద చెయ్యి వెయ్యకుండా, "సాయన్నకే ఇయ్యి సారూ. అది ఆయనదే" అన్నాడు. సాయన్న పెట్టె తెరిచాడు. ఉన్నవన్నీ గోనెసంచిలోకి తీసి, ఖాళీ పెట్టె మూత వేసి, సంచి భుజాన ఎత్తుకుని గుడిసెల వెనక్కి పోయాడు. ఎక్కడ పెడుతున్నాడో నేను చూడలేదు. చూసే హక్కు లేదని ముఖం తిప్పుకున్నాను.

గుదాం సారు గుండుతో, గంధం బొట్టుతో, ప్రసాదం మూటతో తిరిగి వచ్చాడు. నేరుగా లోపలి గదికి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేటప్పుడు నూనెగుడ్డ చేతిలోనే ఉంది కానీ తుడవడానికి ఏమీ లేదు.

"ఏడబోయినయిరా?"

"మీరు దొరకు చెప్పిన జాగలకే పోయినయి సార్."

పెట్టెల మంచం ఉన్న చోట నేల చూశాడు. నాకు జాలి వేసింది. దాన్ని గట్టిగా అణిచి, కలం సిరాలో ముంచి, ఎంతో వినయంగా అడిగాను.

"దొంగతనమైందని దొరకు రాయమంటరా సార్?"

ఆయన ఆలోచించాడు. లోపలి గదిలో ఏమీ లేదన్నట్టు దొర ముందు తాళాలు పెట్టింది ఆయనే. పెట్టెలు పంపానని చెప్పి దొరతో చేయి ఊపించుకున్నదీ ఆయనే.

"ఏం బోయినయని రాస్తవు?" అన్నాడు చివరికి, ఎంతో మెల్లగా.

నేను కలం తుడిచి పక్కన పెట్టాను. "అయితే ప్రసాదమన్న పెట్టుండ్రి" అన్నాను. ఆయన పులిహోర పెడితే అక్కడే, ఆయన ముందే కూర్చుని, మారు అడిగి పెట్టించుకుని మరీ తిన్నాను.